మెయిన్ పిడికి వేసిన టేపు

ఆ సందులో అందరూ ఆయన్ని టేపు మాస్టారు అనేవారు. దర్జీలు సాధారణంగా పని అయ్యాక టేపును చుట్టచుట్టి సొరుగులో పడేస్తారు. ఈయన మెడలోంచి తీసేవాడు కాదు. పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, మెడకు అటూ ఇటూ ఆ పసుపుపచ్చ టేపు వేలాడుతూ ఉండాల్సిందే. పదిచోట్ల తిరిగినవాడికి పది రకాల దర్జీలు తగులుతారు. కొలతల్ని గోడ మీద సుద్దముక్కతో గీసుకునేవాళ్లుంటారు, మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి కత్తెర అందుకునే ధీరులుంటారు. మాస్టారు ఆ బాపతు కాదు. కొలిచిన భుజాన్నే మళ్లీ కొలిచేవాడు. రాసుకున్నాక ఇంకోసారి కొలిచేవాడు. "మాస్టారూ, మీరు కొలిచేలోపు నేను పెరిగిపోతున్నాను" అని వేళాకోళమాడేవారు కుర్రాళ్లు.

అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది. వీధి చివరిదాకా వెళ్లి "ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకానా?" అని వెనక్కొచ్చేవాడు. పీకే ఉండేది. మళ్లీ చివరిదాకా వెళ్లి, పీకింది ఇస్త్రీపెట్టెదా ఫ్యాన్‌దా అన్న సందేహంతో మళ్లీ వచ్చేవాడు. భార్య మొదట్లో కంగారుపడింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "మీరు పైలోకానికి బయల్దేరినా సగం దారిలోంచి తిరిగొచ్చి, గ్యాస్ కట్టామో లేదో చూసి మరీ పోతారు" అనేది. ఆ ఇంట్లోనే ఉండే ఆవిడ తల్లి, అంటే మాస్టారి అత్తగారు, మంచం మీంచే అందుకునేది: "చూసి పోడే, చూసి ఉండిపోతాడు. అల్లుడి పుణ్యమా అని యముడు కూడా వీధిలో నిలబడాల్సిందే."

అత్తగారికి ఊపిరితిత్తులు బాగాలేవు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఒకటి పగలూ రాత్రీ గురకపెడుతూ ఉండేది. అది నడవాలంటే కరెంటు ఉండాలి. కరెంటు లేనప్పుడు ఆదుకోవడానికి మూలన ఒక చిన్న సిలిండరు ఉండేది గాని, అది పూటైనా రాదు. అందుకే మాస్టారు పెరట్లో, గోడకు ఎడంగా, రేకు పందిరి కింద ఒక పెట్రోలు జనరేటర్ పెట్టాడు. పొగ ఇంట్లోకి రాకూడదని దాన్ని జరుపుతూ జరుపుతూ పోతే చివరికి అవతలివాళ్ల ప్రహరీ అడ్డం వచ్చి ఆగాడు.

ఇల్లంతా వరసగా మూడు గదులు. ముందుగదిలో కుట్టుమిషను, గుడ్డలు కత్తిరించే బల్ల. మధ్యగది అత్తగారిది. వెనక వంటిల్లు. ముందుగదిలో తలుపు పక్కనే, బల్ల మీద నిలబడకుండానే అందేంత ఎత్తులో, మెయిన్ స్విచ్చి ఉండేది. పాతకాలపు ఇనప పెట్టె, దాని పక్కన ఒక పిడి. పైకెత్తితే వీధి కరెంటు ఇంట్లోకి వస్తుంది, దించితే రాదు.

జనరేటర్ నుంచి ఇంటికి కరెంటు తేవడానికి ఎలక్ట్రీషియన్ ఒక తీగ చేసిచ్చాడు. రెండు చివరలా పిన్నులే ఉండే తీగ. ఒక కొస జనరేటర్లో గుచ్చి, రెండో కొస వంటింటి ప్లగ్గులో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుంది. ఇలాంటి తీగలు చెయ్యకూడదనీ, చెయ్యమని అడగకూడదనీ ఇద్దరికీ తెలుసు. తెలిసీ చేయించుకునేవాళ్లు లోకంలో కోకొల్లలు. ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్ వేలు చూపించి చెప్పాడు.

"మాస్టారూ, ఇది గుచ్చేముందు మెయిన్ దించాలి. దించకపోతే మీ జనరేటర్ కరెంటు మీ ఇంట్లో ఆగదు, తీగ పట్టుకుని స్తంభం ఎక్కుతుంది. అక్కడెవడైనా పనిచేస్తుంటే ఇక వాడు దిగడు."

అలాంటి మాట ఇలాంటి మనిషితో అనకూడదు. ఆయనకు కంటిమీద కునుకు లేకుండా పోయింది. ఆలోచించి ఆలోచించి చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మెయిన్ దించగానే మెడలో టేపు తీసి ఆ పిడికి చుట్టాలి. టేపు పిడి మీద ఉన్నంతసేపూ దాన్నెవరూ ముట్టుకోకూడదు. తన మెడలో టేపు ఉందంటే మెయిన్ ఎత్తొచ్చని అర్థం. ఎక్కడున్నా మెడ తడుముకుంటే చాలు, ఇంటి సంగతి తెలిసిపోతుంది. తన అనుమానానికే తను కట్టిన తాడు అది. ఆ ఉపాయం తట్టిన రోజున కడుపునిండా తిన్నాడు.

భార్యకు కూడా చెప్పాడు. అయితే ఒక చిక్కుంది. అదే రోజు ఆవిడకు కొవ్వొత్తి కర్టెన్ దగ్గర పెట్టొద్దనీ, తడికాళ్లతో స్విచ్చి ముట్టొద్దనీ, పెట్రోలు డబ్బా మూత రెండుసార్లు తిప్పమనీ, అగ్గిపెట్టె ఎత్తున పెట్టమనీ, మరీ ఎత్తున పెట్టొద్దనీ కూడా చెప్పాడు. రోజుకు ఇన్ని ప్రమాదాలు వినే మనిషికి ఏది నిజంగా ప్రాణం తీసేదో, ఏది ఊరికే మాస్టారి గుబులో తెలియడం కష్టం. "సరే, టేపుంటే ముట్టుకోను, అంతేగా" అంది. ఆవిడ బుర్రలో నిలిచింది ఆ ఒక్క ముక్కే.

తర్వాత గాలివాన వచ్చింది.

కరెంటు పోయి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టడం సందులో అందరూ మానేశారు. ఇలాంటప్పుడు సందు చూడాలి. మామూలుగా తలుపులు బిడాయించుకుని కూర్చునేవాళ్లు గడపల్లోకి వచ్చి, ఎన్నడూ పలకరించుకోనివాళ్లతో ఫ్రిజ్‌లో ఏవేం పాడయ్యాయో చెప్పుకుంటారు. ఫోన్లు మూగపోయాయి. చెట్టుకొమ్మ విరిగిపడి, మాస్టారి ఇంటి ముందు స్తంభానికి అవతల తీగలన్నీ తెగి వేలాడుతున్నాయి. ఆ స్తంభాన్ని ఇంకా అంటిపెట్టుకుని ఉన్నవి రెండే ఇళ్లు: మాస్టారిదీ, పక్కన బ్యాంకు క్యాషియర్‌దీ. క్యాషియర్ కుటుంబం ఇంటికి తాళం పెట్టి బంధువుల దగ్గరికి చెక్కేసింది.

ఆవేళ పొద్దున మాస్టారు అలవాటు ప్రకారం మెయిన్ దించాడు, టేపు చుట్టాడు, తీగ గుచ్చాడు, జనరేటర్ తాడు లాగాడు. మిషన్ గురక మొదలైంది. ట్యాంకులోకి పుల్ల పెట్టి చూస్తే అడుగున కాస్త తడి. మధ్యాహ్నందాకా వస్తే గొప్ప. పెట్రోలుకు బయల్దేరబోతుండగా బస్సు కండక్టరు గుమ్మంలోకి వచ్చాడు. వానలో ఇంటికప్పు కూలి యూనిఫాం నాశనమైందట.

"కొలతలు తీసుకోండి మాస్టారూ, కరెంటు రాగానే కుట్టేద్దురుగాని. బస్సు స్టార్టింగ్‌లోనే పెట్టొచ్చాను. డ్రైవరు హారన్ కొట్టి చంపుతున్నాడు."

మాస్టారి చెయ్యి మెడకు వెళ్లింది. టేపు లేదు. పిడి మీంచి తీశాడు. భుజం కొలిచాడు, చెయ్యి కొలిచాడు, కాలరు కొలిచాడు, మళ్లీ కాలరు కొలిచాడు.

"నా మెడ అంతేనండీ, పొద్దుట్నుంచీ మారలేదు" అని కండక్టరు పరుగెత్తాడు. మాస్టారు టేపును ఎప్పటిలాగే మెడలో వేసుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆ చేతులు చేసే పనికి బుర్ర అనుమతి అక్కర్లేదు.

డబ్బా తీసుకుని గడప దాటుతుంటే భార్య అడ్డం నిలబడింది.

"ఏవండీ, ఇవాళ వెనక్కి రావద్దు. నిన్న మీరు సగం దారిలోంచి తిరిగొచ్చేసరికి బంకు దగ్గర లైను రెట్టింపయింది. గ్యాస్ నేను కట్టాను. తలుపు నేను వేసుకుంటాను. ఇస్త్రీపెట్టె అసలు లేదు, అటక మీద పెట్టేశాను. ఒట్టేయండి."

"ఎవరి మీద?"

"మా అమ్మ మీద."

లోపల్నుంచి అత్తగారి గొంతు, గొట్టం వెనకనుంచి: "నా మీద ఒట్టైతే ధైర్యంగా తప్పు నాయనా. ఎలాగూ గేటు దగ్గరున్నదాన్నే."

మాస్టారు ఒట్టేశాడు.

పెట్రోలు బంకు దగ్గర వరస రోడ్డు మలుపుదాకా ఉంది. డబ్బాలు, సీసాలు, బకెట్లు. మాస్టారికి ముందు బేకరీ ఆసామి నిలబడ్డాడు. మనిషి లావు, నోరు ఇంకా లావు. ఓవెన్‌లో పెట్టిన పిండి ఎలా పులిసి పొంగి తలుపు తోసుకుని బయటికొచ్చిందో వరసంతటికీ వినబడేలా చెబుతున్నాడు. బంకువాడు మధ్యమధ్యలో అరుస్తున్నాడు: "మనిషి లేని డబ్బాకి పొయ్యను! స్టాకు అడుగంటుతోంది, తోసుకోకండి!"

వరస మెల్లగా కదిలింది. మాస్టారి ముందు గుప్పెడు మందే మిగిలారు. ఒళ్లు కొంచెం తేలికపడింది. అప్పుడే ఒక లారీ వెళ్లింది, నిచ్చెన నిలువునా కట్టుకుని, వెనక లైన్‌మన్, అతని జతగాడు. వరసలోంచి ఈలలు, కేకలు. "ఎటన్నా, ఎటు?"

లైన్‌మన్ మాస్టారిని గుర్తుపట్టాడు. ఆయన ప్యాంట్లు కుట్టేది ఈయనే. "మీ సందుకే మాస్టారూ! ఇవాళ మీకు పండగే!"

మాస్టారు నవ్వి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి దించుతూ అలవాటుగా మెడ తడుముకున్నాడు.

టేపు మెడలో ఉంది.

మెడలో ఉందంటే మెయిన్ ఎత్తి ఉందని. కాదు, దించాడు. దించింది గుర్తుంది, పిడి చేతికి చల్లగా తగలడం గుర్తుంది. మరి టేపు? కండక్టరు. కాలరు. రెండుసార్లు కాలరు. టేపు తీశాడు, మళ్లీ పెట్టలేదు. అయినా మెయిన్ దించే ఉంది కదా, ఏమవుతుంది? ఏమీ కాదు. ఎవరైనా ఎత్తితే తప్ప.

ఎవరు ఎత్తుతారు?

లారీ సందులోకి వెళుతుంది. లైన్‌మన్ నిచ్చెన వేస్తాడు. జనం మూగుతారు, ఇదిగో వస్తోంది అదిగో వస్తోంది అంటారు. భార్య ముందుగదిలోకి పరుగెత్తుతుంది. కరెంటు వచ్చిందీ లేనిదీ తెలియాలంటే మెయిన్ ఎత్తి ఉండాలి. పిడి వంక చూస్తుంది. టేపు లేదు. ఆయన తీసేసి వెళ్లారు కాబోలు, ఎత్తొచ్చన్నమాట అనుకుంటుంది. ఎందుకనుకోదు? ఆ నియమం పెట్టింది తనేగా.

 ఇది కూడా ఇస్త్రీపెట్టె బాపతేనేమో. ఇన్నేళ్లలో వెనక్కి వెళ్లిన ప్రతిసారీ ప్లగ్గు పీకే ఉంది, గ్యాస్ కట్టే ఉంది, తాళం వేసే ఉంది. ఒక్కసారి, ఒక్కసారైనా తన భయం నిజమైందా? లేదు. ఇప్పుడు వరస వదిలితే పెట్రోలు దొరకదు. మధ్యాహ్నానికి మిషన్ ఆగుతుంది. సిలిండరు ఎంతసేపు వస్తుంది? అత్తగారి పెదాలు నీలం తిరగడం ఒకసారి చూశాడాయన. రెండోసారి చూడలేడు. పైగా ఒట్టు.

"జరగండి మాస్టారూ" అన్నాడు వెనకవాడు.

ఒక అడుగు జరిగాడు. కళ్ల ముందు లైన్‌మన్ నడుం కనబడింది. వెనకజేబు కిందికి ఉండాలి, పనిముట్లు తగులుతాయి అని పోయినసారి చెప్పి కుట్టించుకున్నాడు. ఆ నడుం ఇప్పుడు నిచ్చెన మీద ఉంటుంది.

మాస్టారు వరసలోంచి పక్కకు వచ్చాడు.

"ఏం మాస్టారూ, ఇస్త్రీపెట్టేనా?" అన్నాడు బేకరీ ఆసామి. వరసంతా గొల్లుమంది. మాస్టారు డబ్బా అక్కడే మరిచిపోయి పరుగందుకున్నాడు.

కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని బిగిసిన మోకాళ్లవి. గుంతల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. "దించే ఉంటుంది, దించే ఉంటుంది" అని గొణుక్కుంటూనే పరుగెత్తాడు. మలుపు దగ్గర ఊపిరి అందలేదు. అత్తగారికి రోజూ ఇలాగే ఉంటుంది కాబోలు అని ఒక్కక్షణం అనిపించింది.

సందులోకి తిరగగానే చప్పట్లు వినిపించాయి.

జనం వీధిలో నిలబడి చప్పట్లు కొడుతున్నారు. "వచ్చింది! వచ్చేసింది!" అందరి వేళ్లూ ఒకవైపే చూపిస్తున్నాయి. మబ్బుపట్టిన పగటి వెలుతురులో, తాళం వేసిన క్యాషియర్ ఇంటి వరండాలో, బల్బు వెలుగుతోంది.

 ఆ బల్బుకు ఆ కరెంటు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ సందు మొత్తంలో తెలిసినవాడు తనొక్కడే. తన పెరట్లోంచి, తన మెయిన్ దాటి, స్తంభం ఎక్కి, అవతలికి దిగింది. స్తంభం మీద లైన్‌మన్ బల్బుకు వీపు పెట్టి ఉన్నాడు. ఒక చేతికి తొడుగు ఉంది. రెండోది నడుముకు దోపుకుని, ఉత్తచేత్తో కట్టర్ పట్టుకుని తీగ వైపు వంగుతున్నాడు.

"ముట్టుకోకు!" అని అరిచాడు. అరిచాననుకున్నాడు. గొంతులోంచి గాలి వచ్చింది. చప్పట్లలో, జనరేటర్ మోతలో అదీ కలిసిపోయింది.

ఇక నిచ్చెన వైపు వెళ్లలేదు. ఇంటి పక్క సందులోంచి, గోడకు భుజం గీసుకుంటూ పెరట్లోకి దూరి, జనరేటర్ మీద పడ్డట్టే పడి స్విచ్చి కొట్టాడు.

మోత ఆగింది. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ కీచుమంటూ అలారం ఎత్తుకుంది. వీధిలో అందరూ ఒక్కసారే ఉసూరుమన్నారు. "పోయింది!"

ఆ చప్పుడు తప్ప ఇంకే కేకైనా వినబడుతుందేమోనని మాస్టారు చెవులు రిక్కించి, జనరేటర్‌ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏదీ పడిన శబ్దం రాలేదు. నిచ్చెన మెట్లు కిర్రుమన్నాయి. ఒక్కో మెట్టూ. దిగుతున్నాడు.

లోపల భార్య సిలిండరు తిప్పి అప్పటికే గొట్టం మార్చేసింది. భర్తను చూసి, "పెట్రోలు దొరికిందా? కరెంటు కూడా వచ్చిందండీ, ఇప్పుడే పోయింది" అంది.

"మెయిన్ ఎత్తావా?"

"టేపు లేదుగా. ఎత్తాను." ఆవిడ ఆయన ముఖం వంక చూసింది. "ఎత్తకూడదా? మీరేగా..."

మాస్టారు టేపు కొస పట్టుకుని చూపించాడు. "నేనే. నీ తప్పేం లేదు. టేపు నా మెడలో ఉంది."

లైన్‌మన్ గుమ్మంలోకి వచ్చాడు. పక్కింటి బల్బు వెలిగి, జనరేటర్ ఆగగానే ఆరిపోయిందని కింద ఉన్న జతగాడు చెప్పాడు. మిగతాది అతను ఊహించుకున్నాడు. 

"ఎక్కేముందు టెస్టర్ పెట్టి చూశాను మాస్టారూ. తీగ చచ్చి ఉంది. చచ్చి ఉందనే తొడుగు తీశాను."  తర్వాత గొంతు లేచింది. "నాకు పెళ్లాం ఉందయ్యా! ప్యాంటు కొలతలకి నాలుగుసార్లు పిలుస్తావే, ఇదొక్కటి సరిగ్గా చూసుకోలేకపోయావా?"

 మంచం మీంచి అత్తగారు ఆయాసపడుతూ అంది: "తిట్టు నాయనా, తిట్టు. ఆ జనరేటర్ నాకోసమే పెట్టాడు. ఆ తిట్లలో సగం నాకు వెయ్యి."

లైన్‌మన్ ఆవిడ వంకా, గొట్టం వంకా, సిలిండరు వంకా చూశాడు. మెయిన్ దించి, పెట్టె తెరిచి, లోపలి ఫ్యూజు ముక్క లాగి జేబులో వేసుకున్నాడు. మాస్టారు కిందికి కుట్టిన జేబే.

"ఇది నా దగ్గరుంటుంది. పనయ్యాక నేనే తెచ్చిస్తా. ఇప్పుడు పెట్టుకో నీ జనరేటర్, ముసలమ్మకి. ఆ తీగ మాత్రం రేపు నా ఎదురుగా కోసెయ్యాలి. మిషన్‌కి నేరుగా వైరు లాగు."

అతను బయటికి వెళ్లాడుగాని వెంటనే నిచ్చెన ఎక్కలేదు. మొదటి మెట్టు మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నాడు.

పెట్రోలుకు ఈసారి భార్య వెళ్లింది. బేకరీ ఆసామి మాస్టారి డబ్బాను కాలితో ముందుకు నెడుతూ వచ్చాడట. "మనిషి లేని డబ్బాకి పొయ్యను" అని బంకువాడు మొండికేస్తుంటే, "వస్తాడయ్యా, వెనక్కి వెళ్లడమే ఆయన పని, ముందుకీ వస్తాడు" అని వాదన పెట్టుకుని ఆపాడట. సరిగ్గా అప్పుడే ఆవిడ చేరుకుంది.

ఆ సాయంత్రందాకా మాస్టారు మెయిన్ కింద కుర్చీ వేసుకుని కదలలేదు. పిడికి టేపు చుట్టి ఉంది. ఫ్యూజు లేని మెయిన్‌కు కాపలా.  చొక్కా కొలతలకు ఒకాయన వస్తే నూలుదారం ముక్కతో కొలిచి పంపాడు.

వెలుతురు తగ్గుతుండగా వీధిదీపం వెలిగింది. ఇంటింటా కేకలు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పెట్టాడు, మాస్టారి భుజం తట్టి వెళ్లిపోయాడు. సందంతా దీపాలు. మాస్టారి ఇల్లొక్కటే చీకటి. ఆయన పిడి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"జనరేటర్ ఆపానా?"

"ఆపారు. అమ్మకి సిలిండరు పెట్టాను."

పెరట్లోకి వెళ్లి చూసొచ్చాడు. పిడి పట్టుకున్నాడు. వదిలేసి మళ్లీ వెళ్లొచ్చాడు. అత్తగారు గొట్టం వెనకనుంచి పిలిచింది: "ఏమయ్యా అల్లుడూ, ముహూర్తం కుదరలేదా?"

భార్య నవ్వలేదు. చేతిదీపం తీసుకుని తనే పెరట్లోకి వెళ్లింది. తీగ పీకి చేతికి చుట్టుకుంది. జనరేటర్ మీద అరచెయ్యి ఆనించి, అక్కణ్నుంచే గట్టిగా చెప్పింది.

"ఆగే ఉందండీ. తీగ నా చేతిలో ఉంది. నేనిక్కడే నిలబడ్డాను. ఎత్తండి."

మాస్టారు టేపు విప్పాడు, మెడలో వేసుకున్నాడు, పిడి ఎత్తాడు. ఇల్లు వెలిగింది. మిషన్ గురక అందుకుంది. కిటికీలోంచి చూస్తే, క్యాషియర్ ఇంటి వరండాలో బల్బు కూడా వెలుగుతోంది.

దాన్ని చూసి ఉలిక్కిపడి, మాస్టారు మళ్లీ పిడి దించేశాడు.

చీకట్లోంచి అత్తగారు అరిచింది: "ఓరి నాయనోయ్, ఈసారి అసలు కరెంటేనయ్యా!"